యుంగ్‌మన్: పని నేర్పిన విమానం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజుల క్రితం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఈసారి ప్రత్యేక సంచికకు 'మాకు పని నేర్పినవారు' అనే అంశం పెట్టుకున్నామండీ. మీరూ నాలుగు మాటలు చెప్పాలి. డి.ఎ. బకాయిల మీద మాట్లాడేవాళ్ళు ఎటూ ఉన్నారు" అన్నారు. సరేనన్నాను. తీరా కూర్చుని ఆలోచిస్తే, మనుషులతో పాటు ఒక యంత్రం కూడా గుర్తుకొచ్చింది. పని నేర్పడం కోసమే పుట్టిన యంత్రం అది. దాని కథలో మనలాంటి వాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుంది. అందుకని ఈ పూట దాని గురించే చెబుతాను. మధ్యలో మా ఉస్తాద్ కూడా వస్తాడు.

మీలో చాలామందికి తెలుసు, నేను ముప్పై ఏడేళ్ళు విమానాల మరమ్మత్తు పనిలో ఉన్నాను. విమానం నడిపినవాణ్ణి కాను, నడిచేదాన్ని బాగుచేసినవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటారు. 2019 వేసవిలో వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం మా అల్లుడు, "మామయ్యగారూ, మీకు నచ్చే చోటికి తీసుకెళ్తాను" అని ఊరి బయట ఒక చిన్న విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. విమానాశ్రయమంటే శంషాబాద్‌లా ఊహించుకోకండి. పచ్చగడ్డి మైదానం, రెండు షెడ్లు, ఒక టీ దుకాణం, అంతే.

అక్కడ చూశాను దాన్ని. పసుపు రంగు. రెండంతస్తుల రెక్కలు. అటువంటి విమానాన్ని బైప్లేన్ అంటారు. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, పైన కప్పు లేదు. పొడవు ఇరవై రెండు అడుగులకు లోపే. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై నాలుగు అడుగులు. ఖాళీ బరువు సుమారు 390 కిలోలు. మన అంబాసిడర్ కారు బరువులో సగం కూడా ఉండదు. పేరు బ్యూకర్ 131. ముద్దుపేరు యుంగ్‌మన్. జర్మన్ భాషలో ఆ మాటకు కుర్రవాడు అని అర్థం.

దాని యజమాని నా ఈడువాడే. నేను చుట్టూ తిరిగి చూడటం చూసి, "మీరు పైలటా?" అని ఇంగ్లీషులో అడిగాడు. "కాదండీ, మెకానిక్‌ని" అన్నాను. అంతే, ముఖం విప్పారింది. ఇంజను మూత తీసి చూపించాడు. మెకానిక్‌కి ఇంతకన్నా మర్యాద లేదు. ఆయన చెప్పిన సొంత సంగతి ఒకటి ఉంది. అది చివర్లో చెబుతాను. ముందు ఈ విమానం ఎలా పుట్టిందో చెప్పాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయింది. 1919లో వెర్సాయ్ ఒప్పందం మీద సంతకం పెట్టించారు. జర్మనీకి యుద్ధ విమానదళం ఉండకూడదని అందులో షరతు. విమానాల తయారీ మీద కూడా ఆంక్షలు వచ్చాయి. ఎగరడం మరిగినవాళ్ళు ఊరుకుంటారా? కొందరు వాసర్‌కుప్పె అనే కొండ మీద ఇంజను లేని గ్లైడర్లతో మొదలుపెట్టారు. కొందరు పరాయి దేశాలకు వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళలో కార్ల్ క్లెమెన్స్ బ్యూకర్ ఒకడు. మొదటి యుద్ధంలో జర్మన్ నౌకాదళంలో పైలట్. ఆయన స్వీడన్ చేరి 1921లో అక్కడ స్వెన్స్‌కా ఏరో అనే విమానాల కంపెనీ పెట్టాడు. పన్నెండేళ్ళ తర్వాత స్వదేశానికి తిరిగి వస్తూ ఆండర్స్ యోహాన్ ఆండర్సన్ అనే స్వీడన్ ఇంజనీరును వెంట తెచ్చుకున్నాడు. బెర్లిన్ దగ్గర యోహానిస్తాల్‌లో కొత్త కంపెనీ పెట్టారు. తర్వాత దాన్ని రాంగ్స్‌డోర్ఫ్‌కు మార్చారు. ఆ కంపెనీ మొదటి విమానమే మన యుంగ్‌మన్. 1934 ఏప్రిల్ 27న మొదటిసారి గాలిలోకి లేచింది. అంటే జర్మన్ యజమాని, స్వీడన్ ఇంజనీరు కలిసి చేసిన బిడ్డ అన్నమాట.

అప్పటికి ఇదొక్కటే కాదు, దీనికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. ఫోకె-వుల్ఫ్ వారి ష్టీగ్లిట్స్, ఆరాడో 66, గోటా 145, హైన్కెల్ వారి కాడెట్ అన్నీ ఆ నాలుగైదేళ్ళలో వచ్చిన శిక్షణ బైప్లేన్లే. వాటన్నిటిలోకి చిన్నది, చురుకైనది యుంగ్‌మన్.

పిల్లలు అడుగుతారు, రెండు రెక్కలు ఎందుకు తాతయ్యా అని. ఒకే పొడవైన రెక్క పెడితే అది విరగకుండా లోపల బలమైన దూలం వేయాలి, బరువు పెరుగుతుంది. అదే వైశాల్యాన్ని రెండుగా చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్య స్తంభాలు నిలిపి, తీగలతో బిగిస్తే పెట్టెలాగా గట్టిగా ఉంటుంది, బరువు తక్కువ. నష్టమేమిటంటే ఆ స్తంభాలకు, తీగలకు గాలి అడ్డు తగిలి వేగం తగ్గుతుంది. యుంగ్‌మన్ పరమ వేగం గంటకు 183 కిలోమీటర్లు. యుద్ధ విమానానికి అది లోపం. నేర్చుకునేవాడికి లోపం కాదు. రోడ్డు మీద కారు నేర్చుకునేవాడికి నూట ఇరవై వేగం ఎందుకు?

కట్టడం చూస్తే మెకానిక్‌కి ముచ్చటేస్తుంది. ఒడలు ఉక్కు గొట్టాలు అతికించిన చట్రం. రెక్కలు చెక్కవి. రెండిటి మీదా గుడ్డ కప్పి డోప్ పూస్తారు. డోప్ అంటే ఘాటు వాసన వేసే ద్రావకం. అది ఆరేకొద్దీ గుడ్డ డప్పు తోలులా బిగుస్తుంది. ఇంజను హిర్ట్ కంపెనీది, నాలుగు సిలిండర్లు తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. మొదట 80 గుర్రాల శక్తి, తర్వాతి రకంలో 105. తలకిందులుగా ఎందుకంటే, అలా పెడితే ముక్కు కిందికి దిగి పైలట్‌కి ముందు దారి బాగా కనబడుతుంది. ఇంకొక తెలివైన పని చేశారు. పై రెక్క, కింది రెక్క ఒకదాని చోట ఒకటి బిగించుకోవచ్చు. స్కూల్లో రెక్కలు దెబ్బతినడం రోజూ ఉండే వ్యవహారం కదా. స్టోర్సులో రెండు రకాలు ఉంచక్కర్లేదు. ఎవరో స్టోర్‌కీపర్ బాధ తెలిసినవాడే ఈ డిజైన్ గీశాడనిపించింది నాకు.

ఇక అసలు సంగతికి వస్తాను. శిక్షణ విమానంలో ఉండవలసిన గుణం ఏమిటి? చాలామంది సులువుగా ఎగరడం అనుకుంటారు. కాదు. మరీ సులువైన విమానం పైలట్‌ను చెడగొడుతుంది. వాడు తప్పు చేస్తున్నా అది సర్దుకుపోతుంది, వాడు తనకు అంతా వచ్చేసిందనుకుంటాడు. అలాగని మొదటి తప్పుకే ప్రాణం తీసేది కూడా పనికిరాదు. మంచి శిక్షణ విమానం తప్పును దాచదు. తప్పుకు ప్రాణమూ తీయదు.

ఒక ఉదాహరణ చెబుతాను. విమానాన్ని పక్కకు తిప్పేటప్పుడు చేతిలో స్టిక్‌ను, కాళ్ళ కింద రడ్డర్‌ను కలిపి వాడాలి. ఎడ్లబండి తోలేవాడు పగ్గాన్ని, ముల్లుకర్రను కలిపి వాడినట్టు. కాలు సరిగా వేయకపోతే విమానం పక్కకు జారుతూ తిరుగుతుంది. పెద్ద విమానంలో అద్దాల వెనక కూర్చున్నవాడికి అది పరికరం చూస్తేగాని తెలియదు. యుంగ్‌మన్‌లో కప్పు లేదు కదా, ముందు నుంచి రావలసిన గాలి ఒక పక్క చెంపకు కొడుతుంది. ఎడమ చెంపకు గాలి కొట్టిందంటే ఎటు జారుతున్నావో అర్థమైపోతుంది. గురువు చెప్పక్కర్లేదు, గాలే చెంప మీద చెబుతుంది.

దీని నాలుగు రెక్కలకూ ఎయిలరాన్లు ఉన్నాయి. ఎయిలరాన్ అంటే రెక్క చివర పైకీ కిందికీ కదిలే పలక. అదే రోజుల్లో బ్రిటిషువారి శిక్షణ విమానం టైగర్ మాత్‌కు కింది రెక్కలకే ఉండేవి. అందువల్ల యుంగ్‌మన్ చేతి కొద్దిపాటి కదలికకే పలుకుతుంది. చేయి వణికితే విమానమూ వణుకుతుంది. చేతివాటం కుదిరిందో లేదో దాచుకోవడానికి వీల్లేదు.

మరి ప్రాణం తీయకపోవడం అంటే? ముక్కు మరీ పైకెత్తి వేగం పోగొట్టుకుంటే గాలి రెక్కను వదిలేస్తుంది. దాన్ని స్టాల్ అంటారు. అప్పుడు ఒక రెక్క ముందు కూలితే విమానం బొంగరంలా తిరుగుతూ కిందికి పోతుంది. అది స్పిన్. విమానయానం మొదటి రోజుల్లో స్పిన్‌లో పడినవాడు తిరిగొచ్చేది అరుదు. యుంగ్‌మన్ స్టాల్‌కు ముందే మెత్తబడి తెలియజేస్తుంది. స్పిన్‌లో పడినా, ఇంజను తగ్గించి, తిరిగే దిశకు ఎదురుగా రడ్డర్ నొక్కి, స్టిక్ ముందుకు తోస్తే తొందరగానే తేరుకుంటుంది. అందుకే గురువు కావాలనే పైకి తీసుకెళ్ళి, విద్యార్థిని స్పిన్‌లో పడేసి, "ఇప్పుడు బయటికి రా" అనగలిగేవాడు.

ఈ పద్ధతికి దారి వేసినవాడు రాబర్ట్ స్మిత్-బారీ అనే బ్రిటిషు అధికారి. 1917లో ఇంగ్లండులోని గాస్పోర్ట్ అనే చోట పైలట్ల బడి నడిపాడు. అంతకు ముందు బడుల్లో ప్రమాదకరమైన పనులు చేయవద్దని నేర్పేవారు. ఈయన, ప్రమాదంలోకి గురువుతో కలిసి వెళ్ళి బయటికి రావడం నేర్పాలన్నాడు. గురుశిష్యులు మాట్లాడుకోవడానికి రబ్బరు గొట్టం కూడా ఆ బడి పేరుతోనే ప్రసిద్ధమైంది. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ దారినే నడిచింది.

ఇక్కడ మా ఉస్తాద్ సంగతి చెప్పాలి. 1966లో నేను ఒక ఫ్లయింగ్ క్లబ్బు హ్యాంగరులో అప్రెంటిస్‌గా చేరాను. అప్పటికి ఇంకా గుడ్డ రెక్కల విమానాలు ఉండేవి. ఒకరోజు రడ్డర్ కేబులు బిగించే టర్న్‌బకిల్ పని నాకిచ్చారు. బిగించాను గాని, అది ఊడిపోకుండా చుట్టవలసిన లాకింగ్ వైరు చుట్టడం మర్చిపోయాను. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి మా ఉస్తాద్ ఆ విమానం పక్కనే నిలబడి ఉన్నాడు. నాకు గుండె జారిపోయింది. ఆయన అరవలేదు. నన్ను పిలిచి, కళ్ళు మూసుకోమని, నా చేయి పట్టుకుని ఆ టర్న్‌బకిల్ మీద పెట్టించాడు. "ఏం లేదో చెప్పు" అన్నాడు. వైరు లేదని వేళ్ళకు తెలిసింది. "బిడ్డా, ఇది సైకిల్ కాదు, చెయిన్ ఊడితే దిగి ఏసుకోనీకి" అన్నాడు. ఆ సాయంత్రం పాత కేబుల్ ముక్క మీద ఇరవైసార్లు వైరు చుట్టించాడు. నా తప్పును రిజిస్టర్‌లో రాయించాడు, నా చేతనే. "తప్పు జేసినోనికి నేను పని నేర్పుత. దాసినోనికి గేటు జూపిస్త" అన్నాడు. తర్వాత ముప్పై ఏడేళ్ళలో నేను లాకింగ్ వైరు చుట్టినప్పుడల్లా వేళ్ళతో తడిమి చూసుకున్నాను. ఇవాళ చెప్పండి, ఆయనకూ ఆ పసుపు విమానానికీ తేడా ఉందా?

ఇంతవరకు మంచి మాట. ఇప్పుడు చేదు మాట చెప్పాలి.

యుంగ్‌మన్ మొదట ఎవరికి వెళ్ళింది? జర్మన్ వైమానిక క్రీడా సంఘానికి. నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లోనే ఉన్న క్లబ్బులన్నిటినీ కలిపి ఆ సంఘం పెట్టారు. బోర్డు మీద క్రీడ అని ఉండేది. లోపల తయారయ్యేది యుద్ధ విమానదళం. అంతకు ముందే 1925 నుంచి 1933 వరకు రష్యాలోని లిపెట్స్క్‌లో రహస్యంగా జర్మన్ పైలట్లకు శిక్షణ జరిగింది. 1935లో ముసుగు తీసి, మాకు విమానదళం ఉందని ప్రపంచానికి ప్రకటించారు. ఎగరాలనే సరదాతో క్లబ్బులో చేరిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు మరుసటి ఏడు సైనికుడై ఉన్నాడు. యుంగ్‌మన్ అనే పేరు ఆ విమానానికి పెట్టినప్పుడు ఎవరి మనసులో ఏముందో గాని, అందులో కూర్చున్న కుర్రవాళ్ళకి మాత్రం తాము ఎందుకు నేర్చుకుంటున్నామో ఎవరూ తిన్నగా చెప్పలేదు. విమానం నిజాయితీగా నేర్పింది. నేర్పించినవాళ్ళు నిజాయితీగా లేరు.

ఆ నేర్పు పదును ఎంతటిదో యుద్ధం మొదట్లో యూరపు చూసింది. యుద్ధం తర్వాత వేసిన లెక్కల ప్రకారం 1942 వరకు జర్మన్ పైలట్ యుద్ధానికి వెళ్ళేముందు సుమారు 240 గంటలు ఎగిరేవాడు. అప్పట్లో బ్రిటిషువారి శిక్షణ 200 గంటల చుట్టుపక్కల ఉండేది. అంటే జర్మనులదే పైచేయి.

తర్వాత ఏమైంది? రష్యా యుద్ధం చలికాలంలో చిక్కుకుంది. 1942 మొదట్లో డెమ్యాన్స్క్‌లోను, ఆ ఏడాది చివర స్టాలిన్‌గ్రాడ్‌లోను జర్మన్ సైన్యాలను శత్రువు చుట్టుముట్టాడు. వాళ్ళకి తిండి, మందుగుండు విమానాల మీద పంపాలన్నారు. చాలినన్ని రవాణా విమానాలు లేవు. అప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టారు? పైలట్ల బడుల మీద. పెద్ద విమానాలు నేర్పే బడుల నుంచి విమానాలను, వాటితో పాటు అనుభవజ్ఞులైన గురువులను తీసి మంచులోకి పంపారు. స్టాలిన్‌గ్రాడ్‌కు వెళ్ళిన వాటిలో వందల విమానాలు తిరిగి రాలేదు. గురువులూ తిరిగి రాలేదు.

రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం మనం. కరువొచ్చినా అటక మీది విత్తనాల గాదె ముట్టుకోకూడదని మన పెద్దలు చెప్పేవారు. ఆకలేసిందని విత్తనాలు వండుకు తింటే ఆ పూట కడుపు నిండుతుంది. తొలకరికి చల్లడానికి ఏముంటుంది? వాళ్ళు చేసింది అదే.

చివరికి చిన్నవాడైన యుంగ్‌మన్‌ను కూడా వదల్లేదు. రష్యన్లు తమ పాత శిక్షణ బైప్లేన్ పో-2తో రాత్రిళ్ళు చిన్న బాంబులు వేసి జర్మన్ సైనికులకు నిద్ర లేకుండా చేసేవారు. వాళ్ళలో ఒక రెజిమెంటు మొత్తం ఆడపిల్లలే. అది చూసి 1942 చివరి నుంచి జర్మనులు కూడా తమ శిక్షణ విమానాలకు, అంటే గోటాలకు, ఆరాడోలకు, కొన్ని యుంగ్‌మన్‌లకు బాంబులు తగిలించి చీకట్లో పంపారు. బడిలో ఉండవలసిన బల్లలు విరిచి పొయ్యిలో పెట్టుకున్నట్టు.

1944 మే నుంచి అమెరికా బాంబర్లు జర్మనీ కృత్రిమ పెట్రోలు కర్మాగారాల మీద పడ్డాయి. ఉన్న పెట్రోలు యుద్ధానికే చాలకపోతే బడికి ఎక్కడిది? 240 గంటల శిక్షణ 1944 రెండో సగానికి సుమారు 110 గంటలకు పడిపోయింది. అదే సమయంలో బ్రిటిషు పైలట్‌కు 340, అమెరికా పైలట్‌కు 400 గంటల దాకా ఉండేది. సగం నేర్చినవాణ్ణి పూర్తిగా నేర్చినవాడి ఎదుట నిలబెట్టారు. ఆ కుర్రవాళ్ళు గుంపులుగా చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళ చోట భర్తీ చేయడానికి ఇంకా తక్కువ గంటలు నేర్చినవాళ్ళను పంపారు.

ఇటు పక్క ఏం చేశారో కూడా చెప్పాలి. యుద్ధం మొదలైన నాలుగో నెలలోనే, 1939 డిసెంబరులో, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి శిక్షణ కోసం ఒక ఒప్పందం చేసుకున్నాయి. శత్రువు బాంబులు అందని కెనడాలో బడులు పెట్టారు. ఇంగ్లండు మీద బాంబులు పడుతున్నప్పుడు కూడా ఆ బడుల గురువులను ఊడ్చి యుద్ధానికి పంపలేదు. యుద్ధం ముగిసేసరికి అక్కడ లక్షా ముప్పై వేలకు పైగా పైలట్లు, ఇతర విమాన సిబ్బంది తయారయ్యారు. మన బేగంపేటలో కూడా ఆ యుద్ధకాలంలో ప్రాథమిక పైలట్ శిక్షణ పాఠశాల నడిచింది. టైగర్ మాత్‌లు ఆ మైదానం మీద తిరుగుతుండేవి. వాళ్ళు విత్తనాలు దాచుకున్నారు. గెలుపు ఓటములకు వంద కారణాలుంటాయి. అందులో ఇదొకటి.

ఇప్పుడు ఆ గడ్డి మైదానంలో ఆ పెద్దమనిషి చెప్పిన మాట. ఆయన ఇంజను మూత వేస్తూ, "మా నాన్న దీని మీదే నేర్చుకున్నాడు. 1944లో. నేను 1945లో పుట్టాను. అప్పటికి ఆయన లేడు" అన్నాడు. తండ్రి లాగ్‌బుక్ ఇంట్లో ఉందట. దానిలో మొదటి పేజీలన్నీ యుంగ్‌మన్‌వే. గురువు సంతకాలు, లాండింగులు, చిన్న చిన్న చివాట్లు. తర్వాత పేజీలు తొందర తొందరగా గడిచిపోతాయి. మొత్తం కలిపితే నూరు గంటలు దాటి కొంచెం. "మా నాన్న ముఖం నేను చూడలేదు. ఆయన ఏ సీట్లో కూర్చున్నాడో మాత్రం తెలుసు. అందుకని దీన్ని కొన్నాను" అని వెనక సీటు చూపించాడు. నేను ఏమనగలను? మా అల్లుడు కూడా మాట్లాడలేదు. ఆ సీటు అంచు మీది తోలును ఒకసారి తడిమి చూసి వచ్చేశాను.

ఆ విమానం తండ్రి నేర్చుకున్న రోజులది కాదు, స్పెయిన్‌లో తయారైంది. యుద్ధం ముగిశాక బ్యూకర్ కంపెనీ మూతపడింది. కాని విమానం మూతపడలేదు. స్పెయిన్ లైసెన్సు తీసుకుని 1960ల ఆరంభం వరకు తయారు చేసింది. స్విట్జర్లాండు, చెకోస్లొవేకియా కూడా చేశాయి. జపాను యుద్ధకాలంలో తన సైన్యానికి, నౌకాదళానికి కలిపి వెయ్యికి పైగా చేసింది. 1990లలో పోలండులో పాత నక్షాలు తీసి మళ్ళీ కొత్తవి కట్టారు. స్పెయిన్‌లో ఈ విమానాల మీద పాఠాలు చెప్పిన హోసె లూయిస్ అరెస్తి, గాలిలో చేసే విన్యాసాలకు గీతలతో ఒక లిపి తయారు చేశాడు. సంగీతానికి స్వరాలు రాసుకున్నట్టు. 1960లలో ప్రపంచ వైమానిక సంస్థ దాన్ని ఆమోదించింది. ఈనాటికీ పోటీల్లో అదే వాడుక. ఇక డిజైన్ గీసిన ఆండర్సన్, యుద్ధం మొదలయ్యే నాటికే స్వీడన్ వెళ్ళి సాబ్ కంపెనీలో చేరాడు. అక్కడ మరో శిక్షణ విమానం గీశాడు. పేరు సఫీర్. అది 1945లో ఎగిరింది. చాలా దేశాల కుర్రవాళ్ళు దాని మీద నేర్చుకున్నారు. నేర్పేవాడి పని అలా సాగుతూనే ఉంటుంది.

రాంగ్స్‌డోర్ఫ్ గురించి ఒక్క మాట. బ్యూకర్ ఫ్యాక్టరీ ఉన్న ఆ మైదానం నుంచే 1944 జులై 20న కర్నల్ ష్టాఫెన్‌బెర్గ్ సంచిలో బాంబు పెట్టుకుని హిట్లర్‌ను చంపడానికి విమానమెక్కాడు. ప్రయత్నం ఫలించలేదు, అదే రాత్రి ఆయన్ని కాల్చేశారు. ఎందుకోసం నేర్చుకున్నాం, ఎవరికోసం చేస్తున్నాం అనే ప్రశ్న ఆ మైదానం మీద ఒకరైనా అడిగారని అది చదివినప్పుడు అనిపించింది.

మిత్రులారా, యుద్ధాల కథ మనకెందుకు అని మీరు అనవచ్చు. నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు, నేను పని చేసిన చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం ఆపేశారు. శిక్షణ విభాగం గదులు స్టోర్సుకు ఇచ్చేశారు. ఖర్చు ఇంత మిగిలిందని సర్క్యులర్ వచ్చింది. మేం కొందరం వద్దని కాగితం పెట్టాం. జవాబు రాలేదు. నేను 2003లో బయటికొచ్చాను. తర్వాత కొన్నేళ్ళకు చేతిపని తెలిసినవాళ్ళు లేరని, మాలాంటి ముసలివాళ్ళను రోజువారీ లెక్కన పిలిచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. మీ మీ శాఖల్లోనూ ఇటువంటివి చూసే ఉంటారు. తలలూపుతున్నారు కాబట్టి చూశారనే అనుకుంటున్నాను.

నా మనవి ఒకటే. బతికే ఉన్నామని ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం మనం. ఆ పసుపు విమానానికి కూడా ఏటా తనిఖీ ఉంటుందని దాని యజమాని చెప్పాడు. ఎగరడానికి పనికొస్తుందని కాగితం ఇవ్వాలి. దాని వయసు చూడరు, పనికొస్తుందా అని చూస్తారు. మన దగ్గరా విత్తనాలు ఉన్నాయి. ఒకరికి లెడ్జర్ వచ్చు, ఒకరికి లేత్ వచ్చు, ఒకరికి సర్వే గొలుసు పట్టడం వచ్చు, ఒకరికి కోపంగా వచ్చినవాణ్ణి కౌంటరు దగ్గర శాంతపరచడం వచ్చు. అవి మనతో పోకూడదు. మన కాలనీలో పని కోసం తిరుగుతున్న పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుందాం. తప్పు చేస్తే దాచనివ్వవద్దు, తప్పు చేశాడని తరిమేయవద్దు. తొందర పెట్టవద్దు. నూట పది గంటల్లో చెప్పేసి పొమ్మనవద్దు. ఏం కోసం నేర్చుకుంటున్నాడో కూడా వాడికి తిన్నగా చెబుదాం.

మా ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఫొటో కూడా నా దగ్గర లేదు. పోయిన నెల మా మనవడు తన సైకిల్ బ్రేకు తీగ బిగించుకుంటుంటే పక్కన కూర్చున్నాను. బిగించాక "అయిపోయింది తాతయ్యా" అన్నాడు. "కళ్ళు మూసుకుని తడిమి చూడరా" అన్నాను. చూశాడు. "ఇక్కడ ఒక నట్టు వదులుగా ఉంది తాతయ్యా" అన్నాడు.